ఎఫ్‌ఎస్‌హెచ్ అంకె చూసి ఆశ వదులుకోవాలా?

సంపాదకుల వారికి,

వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేని అజూస్పెర్మియా గురించి మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం, శుక్రకణాల తయారీకి వృషణాలను ప్రేరేపించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ బాగా పెరిగిన పురుషులకు వృషణాల నుంచి శుక్రకణాలు తీసే శస్త్రచికిత్స వృథా అని తేల్చేసింది. అలా తీసిన కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద గాలించడమే వృత్తిగా గల ఎంబ్రియాలజిస్టుగా ఆ మాటను ఒప్పుకోలేను.

ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగిందంటే వృషణం మొత్తం మీద ఉత్పత్తి కుంటుపడిందని అర్థమే తప్ప, ఏదో ఒక మూల శుక్రకణాలు తయారుచేసే నాళికలు నాలుగైనా పనిచేస్తూ ఉండవని కాదు. 1999లో అమెరికా యూరాలజిస్టు పీటర్ ష్లెగల్ వెల్లడించిన మైక్రో టీసే పద్ధతి ఆధారపడింది సరిగ్గా ఆ మూల మీదనే: వృషణాన్ని తెరిచి, ఇరవై రెట్లకు అటూ ఇటూగా పెద్దది చేసి చూస్తూ, సన్నని నాళికల మధ్య కాస్త లావుగా, తెల్లగా కనిపించేవాటిని ఏరి తీస్తారు. వాటిని డిష్‌లో చీల్చి గంటల తరబడి వెదుకుతాం; చాలాసేపు రక్తకణాలు తప్ప ఏమీ కనబడని చోట ఒక తోక కదిలిన సందర్భాలున్నాయి. శుక్రకణాలు బయటికి వచ్చే నాళాల్లో అడ్డంకి లేని అజూస్పెర్మియాలో ఈ పద్ధతితో దాదాపు సగం మందిలో శుక్రకణాలు దొరుకుతాయి. ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే, ఒకప్పుడు ఆశే లేదనుకున్న క్లైన్‌ఫెల్టర్ బాధితుల్లోనూ ఫలితం ఇంచుమించు అంతే. దీనికి విరుద్ధంగా, కణాలు సగం ఎదిగి ఆగిపోయే స్థితిలో ఎఫ్‌ఎస్‌హెచ్, వృషణాల పరిమాణం రెండూ మామూలుగానే ఉండి, ఎంత వెదికినా చేతికేమీ చిక్కకపోవచ్చు. (నాళాల్లో అడ్డంకి ఉన్నవారి సంగతి వేరు, వారిలో దాదాపు ఎప్పుడూ దొరుకుతాయి.)

ముందే గట్టిగా చెప్పగలిగేది వై క్రోమోజోమ్ పరీక్ష. ఆ క్రోమోజోమ్‌పై శుక్రకణాల ఉత్పత్తికి అవసరమైన ఏజెడ్‌ఎఫ్ ప్రాంతంలో ఏజెడ్‌ఎఫ్‌ఏ లేదా ఏజెడ్‌ఎఫ్‌బీ భాగం పూర్తిగా లోపించినవారిలో శుక్రకణాలు దొరికే ఆశ లేనట్టే. కాబట్టి వారిని కత్తి దాకా తీసుకువెళ్లకూడదు. ఏజెడ్‌ఎఫ్‌సీ ఒక్కటే లోపిస్తే చాలామందిలో దొరుకుతాయి గానీ, పుట్టే కొడుకులకూ అదే లోపం సంక్రమిస్తుందని దంపతులకు ముందుగానే చెప్పాలి. ఇంత ముఖ్యమైన రక్తపరీక్షకు వ్యాసంలో ఒక్క వాక్యం కూడా దక్కకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

దయచేసి ఆ భాగాన్ని సవరించి ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక ఎంబ్రియాలజిస్టు