నేలవేము పంపుతున్నా, ముందు ఇది చదువు

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకు జ్వరం దిగినా అన్నం సయించట్లేదని రాశావు. మా నాయనమ్మ మనిద్దర్నీ ఒళ్లో అదిమిపెట్టి ముక్కు మూసి తాగించేదే, ఆ కషాయం ఎలా కాయాలో అడిగావు.

అది నేలవేమురా, నువ్వు రాసినట్టు నేల ఉసిరి కాదు. నేల ఉసిరికి రెమ్మ అడుగున ఆవాల్లాంటి కాయలు వరసగా ఉంటాయి, దాన్ని కామెర్లకు వాడేవాళ్లు. నేలవేము కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు, నాలుగు పలకలు తగులుతాయి. పువ్వు తెల్లగా చిన్నది, దాని మీద ఊదా మచ్చలు. ఆకు కొస గిల్లి నాలుక మీద పెట్టుకున్నావా, వేపాకే నయమనిపిస్తుంది. ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం వల్లే అంత చేదు.

నిన్న వన్‌టౌన్‌లో మూలికల కొట్టుకెళ్లి కట్ట కొన్నాను. హిమాలయాల కిరాతతిక్తాన్నీ కొందరు నేలవేమనే అంటారు, అది వేరే మొక్క. దాని కాడ గోధుమ రంగు. మనది ఎండినా పచ్చదనం పోదు, అదే చూసి తీసుకున్నా.

ఒక చెంచా నలగ్గొట్టిన మొక్క, చిన్న శొంఠి ముక్క, నాలుగు మిరియాలు గ్లాసు నీళ్లలో వేసి సన్న సెగ మీద పావు గ్లాసయ్యేదాకా మరిగించు. వడగట్టి తాగాక బెల్లం ముక్క. రెండు మూడు రోజులు చాలు. చేదు ఆకలి పుట్టిస్తుందని ఆయుర్వేదంలో ఉన్నదే, అక్కడ దీని పేరు భూనింబం. బెంగాల్లో దీని ఆకు రసంలో ఏలకులు కలిపి పసిపిల్లల కడుపునొప్పికి ఇచ్చేవాళ్లు. తమిళనాట దీంతో పాటు మరో ఎనిమిది దినుసులు కలిపి కాచేదే నిలవేంబు కుడినీర్. డెంగీ రోజుల్లో అక్కడి ప్రభుత్వమే పంచింది.

డెంగీ అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిందిగా, నీళ్లు తీశాక మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. పక్కింటాయన కషాయాన్నే నమ్ముకుని నాలుగు రోజులు రక్త పరీక్ష చేయించుకోలేదు. ఐదో రోజు లేవలేకపోతే ఆటోలో నేనే తీసుకెళ్లాను. బతికాడు గానీ, ఆ రాత్రి ఆయన భార్య ముఖం నేను మర్చిపోలేదు. నాయనమ్మ కూడా మూడో రోజుకి వేడి దిగకపోతే కషాయం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మనేది. కాబట్టి మళ్లీ జ్వరం వచ్చిందంటే ముందు పరీక్ష, తర్వాతే ఇది.

ఇంకో మాట. మామయ్యగారు షుగరు, బీపీ మాత్రలు వేసుకుంటారుగా, ఆయనకు పొయ్యకు. ఇది ఆ రెండింటినీ ఇంకా దించుతుంది. రక్తం పలచబడే మాత్రలున్నా వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు, చెల్లెమ్మ విషయం నువ్వే చూసుకో.

కట్టను బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేశాను, రేపటికి వస్తుంది. మా పెరటి మొక్క విత్తనాలు కూడా చిన్న పొట్లం కట్టి పెట్టా. కుండీలో చల్లు, మీ బాల్కనీలో ఎండ తగిలే వైపు పెట్టు. చెల్లెమ్మ అన్నం తిన్న రోజు ఫోన్ చెయ్యి.

నీ బావ