ఆకు ఇచ్చిన వాంగ్మూలం

జడ్జిగారికి,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ముందే చెంపలు వేసుకుంటున్నాను, తిట్టకు. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. ఉద్యోగం అలాగే ఉంది, మా అధికారి కూడా అలాగే ఉన్నాడు. ఇక అసలు సంగతి: గాలిలోని విషాన్ని మొక్కల ఆకులే పట్టిస్తాయట!

మొన్న మామయ్యతో ఒక కర్మాగారం ప్రహరీ వెంట నడిచాను. అదేరా, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే మామయ్య, నీ ఎర్ర దుప్పటి కథకు ఏకైక సాక్షి! గోడవారన గ్లాడియోలస్ అనే పూలమొక్కలున్నాయి. ప్రతి ఆకూ కొన నుంచి కిందికి గోధుమరంగుకు మాడింది. మాడిన మేరకూ పచ్చటి మేరకూ మధ్య గీత గీసినట్టు ముదురు ఎరుపు అంచు. నీళ్లు చాలలేదేమో అన్నాను. మామయ్య భూతద్దం నా చేతికిచ్చి, "ఫ్లోరైడు కావచ్చు" అన్నాడు. గాలిలోని ఫ్లోరైడు ఆకు రంధ్రాల గుండా లోపలికి పోయి, నీటితోపాటు కొనకు చేరి, అక్కడే పేరుకుపోతుందట. నీరు ఆవిరవుతుంది, విషం మిగులుతుంది. అల్యూమినియం, ఫాస్ఫేట్ ఎరువుల కర్మాగారాలు, ఇటుక బట్టీలు వదిలేది ఇదే. గాలిలో లేశమాత్రమే ఉన్నా, వారాల తరబడి కూడితే ఆ కొన మాడిపోతుంది.

నువ్వేమంటావో తెలుసు: "సాక్ష్యం చాలదు, కేసు కొట్టివేత!" సరిగ్గా నీ గొంతుతోనే అడిగాను. మామయ్య ఒప్పుకున్నాడు కూడా. నేలలో ఉప్పు ఎక్కువైనా, పొటాషియం తక్కువైనా ఆకు అంచులు మాడతాయి. అందుకని ఆకు కోసి ప్రయోగశాలలో ఫ్లోరైడు ఎంతుందో తేల్చాలి, దూరాన పెరిగిన అదే రకం మొక్కతో పోల్చాలి. గాలిని పాడుచేసే ఓజోన్ వాయువును పట్టుకోవాలంటే, దానికి తట్టుకోలేని బెల్-డబ్ల్యు3 అనే పొగాకు రకాన్ని, తట్టుకోగల బెల్-బి రకాన్ని పక్కపక్కనే పెంచుతారట. మొదటిదాని ఆకు పైవైపున చుక్కలు పడి, రెండోది శుభ్రంగా ఉంటే, ఇక ఎండనూ తెగులునూ నిందించలేం. నాకు ఇది భలే నచ్చింది. గంధకం పొగకు గుర్తు వేరు: ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ భాగం పాలిపోతుంది.

ఇంకా ఒప్పుకోవా? అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చెట్ల మీది నాచు ఏరి పరీక్షిస్తే, కాడ్మియం అనే విషలోహం ఎక్కువున్న చోట్లు రంగుగాజు కర్మాగారాల దగ్గర తేలాయి. 2016లో అది బయటికొచ్చి ఊరంతా గగ్గోలు. గాలిని కొలిచే యంత్రాలు ఊరికి ఏ ఒకటో రెండో ఉంటాయి, నాచు ప్రతి చెట్టు మీదా ఉంటుంది కదా!

కానీ ఒకటి నన్ను తొలుస్తోందిరా. మొక్కకు ముందు తెలుస్తుంది సరే, తెలిశాక ఎవరు... ఆ గోడ అవతల పనిచేసేవాళ్లు పీల్చేదీ అదే గాలి. మామయ్య కూడా అక్కడ మాట్లాడలేదు.

చెట్ల బెరడు మీదా రాళ్ల మీదా పొరలా పెరిగే లైకెన్ల సంగతి మొదలుపెట్టనే లేదు! 1866లోనే నైలాండర్ అనే ఆయన పారిస్‌లో, లక్సెంబర్గ్ తోటలో... అయ్యో, తమ్ముడు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తపాలా కట్టేసే వేళయిందట. మిగతాది తరువాత

నీ
ముద్దాయి