బంధువు ఇంట్లో దెబ్బ తగిలితే దావా ఎవరి మీద?

సంపాదకులకు,

ఇంటి మరమ్మతుల్లో చేయి వేయబోయి కాలు విరగ్గొట్టుకున్నవాళ్లు ఆ ఇంటి యజమాని మీద నిర్లక్ష్యం దావా వేస్తే, "అయినవాళ్ల మీద కోర్టుకెక్కుతారా?" అని నలుగురూ నిలదీస్తారు. ఆ మాటకు జడిసి వైద్యం ఖర్చూ పోయిన జీతమూ తామే భరించి ఊరుకునేవారు ఎందరో. ఇది అన్యాయం. ఇంటికి బీమా ఉన్నచోట పరిహారం సాధారణంగా కట్టేది బంధువు కాదు, బీమా కంపెనీ. కంపెనీని నేరుగా ప్రతివాదిగా చేర్చే వీలు చాలాచోట్ల లేదు కాబట్టి కాగితాల్లో బంధువు పేరు కనిపిస్తుంది. 2015లో అమెరికాలోని కనెటికట్‌లో చిన్నపిల్లవాడైన బంధువు మీద దావా వేసిన ఒకామెను లోకమంతా తిట్టిపోసింది. అక్కడి చట్టం ప్రకారం బీమా కంపెనీ పేరు మీద దావా వేయడం కుదరదన్న సంగతి చాలామందికి తర్వాతే తెలిసింది.

బంధుత్వమే అడ్డుగోడగా ఉన్న కాలం ఒకటుంది. బిడ్డ తల్లిదండ్రుల మీద దావా వేయరాదని అమెరికాలోని మిసిసిపీ కోర్టు 1891లో తీర్పిచ్చింది. ఆ సూత్రాన్ని విస్కాన్సిన్ కోర్టు 1963లో చాలావరకు తొలగించింది. ఇంగ్లండులో భార్యాభర్తలు ఒకరిపై ఒకరు ఇలాంటి దావా వేసుకునే వీలు 1962 చట్టంతో వచ్చింది.

ఇక కోర్టు చూసేది వరసలను కాదు, పని ఎవరి చేతిలో ఉందో, ప్రమాదం ఎవరికి ముందే తెలుసో చూస్తుంది. యజమాని గదిలో లైటు స్విచ్ ఆపి, "కరెంటు తీసేశాను, డ్రిల్ పెట్టు" అన్నాడనుకోండి. ఆ స్విచ్ ఆపేది ఆ ఒక్క లైటునే. గోడలో ప్లగ్గుకు వెళ్లే తీగలో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా తీగ ఉండే అవకాశం ఎక్కువ కనుక అక్కడ రంధ్రం పెట్టకూడదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే పని మొదలుపెట్టాలి. ఇవేవీ చేయకుండా భరోసా ఇచ్చిన మాటే నిర్లక్ష్యానికి ఆధారమవుతుంది.

నిచ్చెన సంగతీ అంతే. ఎత్తు 4 మీటర్లయితే అడుగు భాగం గోడకు 1 మీటరు దూరంలో ఉండాలి. పైకప్పు ఎక్కాలంటే అంచు దాటి దాదాపు మరో మీటరు నిచ్చెన పైకి ఉండాలి. రంగు మరకలు పడకుండా పరిచిన ప్లాస్టిక్ షీటు మీద నిలబెడితే ఎవరు పట్టుకున్నా జారుతుంది. పట్టుకున్నవారు ఫోను మోగిందని పక్కకు వెళ్తే వారి మీదా బాధ్యత పడవచ్చు. షీటు కళ్ల ముందే ఉన్నా ఎక్కినవారి తప్పూ లెక్కలోకి వస్తుంది. ఇంగ్లండులో 1945 చట్టం తర్వాత ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. మేరీల్యాండ్, వర్జీనియా లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో మాత్రం గాయపడినవారి తప్పు కాస్త ఉన్నా దావా మొత్తం పోవచ్చు.

దావాలు చాలావరకు చెడేది ఆసుపత్రిలోనే. బంధువును ఇబ్బంది పెట్టడం ఎందుకని "మెట్ల మీద జారాను" అని డాక్టరుకు చెబుతారు. ఆ మొదటి కాగితాన్నే బీమా కంపెనీ తర్వాత చూపిస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇంట్లోవాళ్లు అదే సాయంత్రం అంతా కడిగేసి, నిచ్చెన తిరిగిచ్చేస్తారు. దానికి ముందే నిచ్చెన కాళ్లు, నేల, స్విచ్‌బోర్డు ఫొటోలు తీసి, గోడ నుంచి దూరం టేపుతో కొలిచి రాసుకోవాలి. యజమాని వెంటనే కంపెనీకి తెలపాలి. ఆలస్యమైతే తిరస్కరించే ప్రమాదం ఉంది. కంపెనీ అనుమతి లేకుండా "తప్పు నాదే, నేనే కడతాను" అని మెసేజ్ పెట్టకూడదని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. అలాగని అబద్ధం చెప్పమని కాదు. ఇద్దరూ కూడబలుక్కుని కథ అల్లితే అది మోసం, నేరం.

పని మొదలుపెట్టకముందే పాలసీలో ఒక్క షరతు వెతకండి. అమెరికాలోని సాధారణ ఇంటి పాలసీల్లో యజమానితో ఒకే ఇంట్లో ఉండే బంధువుకు తగిలిన గాయానికి బీమా వర్తించదు. వేరు కాపురం ఉన్న తమ్ముడికి వచ్చే పరిహారం, అదే ఇంట్లో ఉండే అన్నకు రాకపోవచ్చు. గోడలు పడగొట్టే పనైతే కంపెనీకి ముందే చెప్పాలా అన్నదీ అక్కడే చూడాలి.

బంధువుల మధ్య దావా వార్త వేసేటప్పుడు, దాని వెనుక బీమా ఉందో లేదో కూడా కనుక్కుని రాయమని మీ విలేకరులకు మనవి.

ఇట్లు,
గాయాల పరిహార కేసులు చూసే న్యాయవాదులు