విగ్రహాల ఊరికి 1942 గుర్తులేదా?

సంపాదకులకు,

అయ్యా,

బీచ్ రోడ్డు సుందరీకరణలో భాగంగా మరో కంచు విగ్రహం రాబోతోందని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చదివాను. ఎవరి విగ్రహమో ఇంకా తేలలేదట, దిమ్మె కొలతలు మాత్రం ఖరారయ్యాయట. ఇంతకన్నా ముచ్చటైన పాలన ఎక్కడుంటుంది?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. ముందు రోజు కొలంబో, ఆ రోజు మన రేవు, కాకినాడ. ర్యుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు అవి. పోయిన ప్రాణాలు కొద్దివే అయినా, ఊరు మాత్రం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక గానీ తిరిగి రాలేదు. ఈ సంగతి ఇంటర్ చదివే పిల్లలను అడిగి చూడండి. వాళ్ళది తప్పు కాదు, చెప్పే రాయి ఒక్కటైనా రోడ్డు మీద కనబడితే కదా. అప్పుడు పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళిన వాళ్ళకే దాని దర్శనం.

1971 యుద్ధానికి స్మారకం ఉంది, కురుసుర జలాంతర్గామి ఒడ్డెక్కి కూర్చుంది. వాటిని నేను తప్పుపట్టడం లేదు, మనవలను తీసుకెళ్ళి చూపించాను కూడా. కాని గెలుపుకు స్తూపం ఎవరైనా కడతారు. దెబ్బ తిన్న రోజును తలచుకోవడానికే మనకు మనసొప్పదు.

నెదర్లాండ్స్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు రోటర్‌డ్యామ్‌లో ఒక కంచు శిల్పం చూశాను. 1940 మే 14న జర్మన్ విమానాలు ఆ ఊరి నడిబొడ్డును బూడిద చేశాయి. వందల మంది చనిపోయారు, సుమారు 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఒసిప్ జాడ్కిన్ అనే శిల్పి చేసిన ఆ బొమ్మను 1953లో నిలబెట్టారు. అందులో నాయకుడూ లేడు, సైనికుడూ లేడు. ఒక మనిషి రెండు చేతులూ పైకెత్తి ఆకాశాన్ని చూస్తూ అరుస్తుంటాడు. గుండె, పొట్ట ఉండవలసిన చోట పెద్ద రంధ్రం. అందంగా లేదు. ఉంటే అబద్ధమయ్యేది. ఇంకో విశేషం, దానికి డబ్బిచ్చిన బైయెన్‌కార్ఫ్ అనే పెద్ద దుకాణం తన పేరు బయటపెట్టవద్దని షరతు పెట్టిందట! మన దగ్గర విగ్రహం కన్నా శిలాఫలకం పెద్దది. దాత పేరు, దాత తండ్రి పేరు, వచ్చిన మంత్రులు, రాకపోయినా పేరు చెక్కించుకున్న మంత్రులు.

ఇక మన విగ్రహాల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కంచు అంటారు, వాన పడితే బంగారు రంగు పెచ్చులూడుతుంది. జయంతికి వేసిన దండ వర్ధంతి దాకా ఎండుతుంది. మధ్యలో ఫ్లెక్సీలు కట్టుకోవడానికి ఆ మహనీయుల చేతులు పనికొస్తాయి. మా వీధిలో మురుగుకాలువ మూత విరిగిందని ఫిర్యాదు చేస్తే ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. కాలువ ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది. అక్కడ కూడా ఒక విగ్రహం పెడతామంటే బహుశా రాత్రికి రాత్రే మూత పడుతుంది.

కంచు పోయడానికి డబ్బు నిజంగానే ఉంటే 1942 కోసం పోయండి. బీచ్ రోడ్డులో వద్దు, బాంబులు పడిన రేవు వైపు, పాత ఊళ్ళో పెట్టండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది, శిల్పుల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. నమూనాలు పిలిచి జనానికి చూపించి ఎంపిక చేయండి. ఆనాడు పదేళ్ళున్న వాళ్ళు ఇప్పుడు తొంభై దాటారు. ముందు వాళ్ళను వెతికి, వాళ్ళు చెప్పింది రాసుకునే పని ఈ నెలలోనే మొదలుపెట్టమని అధికారులకు మీరైనా చెప్పండి. దానికి టెండరు కూడా పిలవనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం