మంచుకు తేదీ మార్చినప్పుడు సుగ్గికి మార్చలేమా?

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఒమాహా అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు, "మామా, నువ్వు జనాభా లెక్కలు రాసినోడివి గదా, ఇక్కడ ఒకే ఒక్క మనిషి ఉండే ఊరుంది, తెలుసా?" అన్నాడు. ఆ ఊరి పేరు మోనోవై. అప్పటి నుంచి దాని సంగతులు ఎక్కడ కనిపించినా వదలకుండా చదువుతున్నాను. 2011లో, మా జనం సుగ్గికి, అంటే కోతల కూలికి వలస పోయిన నెలలో, మా కోసిగి మండలంలో నేను రాసిన జనాభా లెక్క మళ్లీ మళ్లీ గుర్తుకొస్తోంది.

మోనోవై నెబ్రాస్కా రాష్ట్రం ఉత్తరపు అంచున, బాయ్డ్ కౌంటీలో, నయోబ్రరా, మిస్సోరి నదుల నడుమ ఉంది. ఊరి విస్తీర్ణం మన లెక్కలో 135 ఎకరాలు కూడా నిండదు. మా పక్క ఊరి చెరువే అంతకంటే పెద్దది. అక్కడ విరగబూసే అడవిపూలను చూసి, ఆదివాసుల మాటలో పువ్వు అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారని చెబుతారు. 1902లో రైలు వచ్చింది, ఆ ఏడే పోస్టాఫీసు వచ్చింది. 1930లలో 150 మంది దాకా ఉండేవారు. తర్వాత సేద్యం గిట్టుబాటు కాలేదు. యంత్రాలొచ్చి పొలంలో మనుషుల అవసరం తగ్గింది. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోయారు. మన పల్లెల కథ కంటే ఇది వేరేమీ కాదు. 1960లు ముగిసేసరికి పోస్టాఫీసూ, చివరి కిరాణా కొట్లూ మూతపడ్డాయి. 1974లో బడి మూతపడింది. ఒక బడిలో ఇరవై రెండేళ్లు పనిచేసినవాడిగా ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

1980 నాటికి 18 మంది మిగిలారు. 2000 లెక్కలకు రూడీ ఐలర్, ఎల్సీ ఐలర్ అనే భార్యాభర్తలు ఇద్దరే. 2004లో రూడీ చనిపోయారు. 2010 లెక్కల్లో మోనోవై జనాభా: ఒకటి.

ఒక్క మనిషి మిగిలితే ఆ ఊరిని పక్క ఊళ్లో కలిపేసి ఉంటారని మనం అనుకుంటాం. అట్లా జరగలేదు. ఎల్సీయే మేయరు, క్లర్కు, కోశాధికారి. భర్తతో కలిసి 1971 నుంచి నడుపుతున్న చిన్న హోటలుకు లైసెన్సు కావాలంటే దరఖాస్తు పెట్టేదీ ఆమే, మేయరుగా సంతకం చేసేదీ ఆమే. ఊరి పన్ను తనకు తానే వేసుకుని, తానే కట్టింది. ఆ డబ్బుతో నీళ్లూ, నాలుగు వీధి దీపాలూ నడిచాయి. రాష్ట్రం ఇచ్చే రోడ్ల నిధి కోసం ఏటా ప్రణాళిక రాసి పంపింది. భర్త చదువుకుని దాచిన ఐదు వేల పుస్తకాలతో ఒక చిన్న షెడ్డులో లైబ్రరీ పెట్టింది. ఆ లైబ్రరీ పెట్టాలన్నది రూడీ కోరిక. అది తెరిచేసరికి ఆయన లేరు.

ఆ నాలుగు వీధి దీపాల మాట నన్ను బాగా పట్టుకుంది. మన రెవెన్యూ రికార్డుల్లో మనుషులు లేని ఊరిని బేచిరాక్ గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరని అర్థం. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద అట్లా జనం లేని గ్రామాలు 43 వేలకు పైగా తేలాయి.

ఇక నేను రాసిన లెక్క. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు వాళ్లకు సుగ్గి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. సంక్రాంతి దాటేసరికి ఇంటికి బీగం వేసి, పిల్లలనూ బియ్యం మూటలనూ లారీ ఎక్కించుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. తిరిగొచ్చేది ఉగాదికి. ఆ నెలల్లో నా తరగతిలో నలభై మందికి పదిహేను మంది మిగిలితే గొప్ప.

2011 జనాభా లెక్కలు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగాయి. సరిగ్గా సుగ్గి నడిమధ్యన. నాకిచ్చిన వీధిలో ఐదిళ్లకు వరసగా బీగాలు. వాటి ముందు కట్ట మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. ఐదిళ్ల బీగంచేతులూ, అంటే తాళంచెవులు, ఆమె కొంగుకే కట్టి ఉన్నాయి. నేను అడగకుండానే ఒక్కో బీగంచెయ్యి పట్టుకుని, అది ఎవరిల్లో, ఆ ఇంట్లో ఎవరెవరో, ఎవరికెన్నేళ్లో చెప్పుకుంటూ పోయింది. చంటిబిడ్డను కూడా మరవలేదు. నేను కలం పెట్టలేదు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కపూటైనా ఊళ్లో ఉన్నవాళ్లను, లేదంటే గడువులోగా తిరిగొచ్చేవాళ్లను మాత్రమే ఆ ఇంటి మనుషులుగా రాయాలని నియమం. మొత్తం రోజులూ బయటే ఉంటే, ఎక్కడున్నారో అక్కడే లెక్కకెక్కాలి. అవ్వకు అదే చెప్పాను. "ఉండే మనుషులను లేరని ఎట్ల రాస్తావు సారూ? సచ్చిపోయినారా వాళ్లు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నియమంలో తప్పు లేదు. ఒకే మనిషి రెండుచోట్ల పడకూడదు కదా. కానీ మిరప చేను గట్టున పట్టలు కట్టుకుని పడుకునే కుటుంబం దాకా అక్కడ లెక్కలు రాసే ఎన్యూమరేటరు పోయాడో లేదో ఎవరు చూశారు? పోయి రాసినా ఆ మనుషులు ఆ జిల్లా జనాభాలో కలిశారు. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు వచ్చేది జనాభాను బట్టే. ఉగాదికి తిరిగొచ్చి ఏడాదిలో తొమ్మిది నెలలు తాగే నీళ్లు మాత్రం మా ఊరి కొళాయివే.

అమెరికాలో 2020 లెక్కల్లో మోనోవై జనాభా రెండని వచ్చింది. ఉన్నది ఎల్సీ ఒక్కతే. మనుషుల సొంత వివరాలు బయటపడకుండా చిన్న ఊళ్ల అంకెలను కావాలనే కొంచెం అటూఇటూ చేశామని అక్కడి జనగణన శాఖ చెప్పింది. అక్కడ ఒక మనిషి ఎక్కువ పడితే దేశమంతా వార్త అయింది. ఇక్కడ వీధి వీధే తగ్గితే అడిగినవాళ్లు లేరు.

2027 ఫిబ్రవరిలో మళ్లీ మనుషుల లెక్క. మళ్లీ సుగ్గి నెలే. లడఖ్, జమ్మూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ లలో మంచు పడే ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబరు 1నే లెక్క తేదీగా పెట్టారు. చాలా మంచి పని. మంచులో మనుషులు దొరకరని గుర్తించినవాళ్లు, సుగ్గిలో మా మనుషులు దొరకరని కూడా గుర్తించాలని వేడుకుంటున్నాను. తేదీ మార్చడం కుదరకపోతే, ఏ ఊరి నుంచి ఏ కుటుంబం ఎక్కడికి పోయిందో జనవరిలోనే పంచాయతీల్లో జాబితా రాయించాలి. దాన్ని గుంటూరు, పల్నాడు జిల్లాల ఎన్యూమరేటర్ల చేతికివ్వాలి. చేల గట్ల మీద పట్టల దాకా పోయి లెక్క రాయమని వాళ్లకు గట్టిగా చెప్పాలి. నిధులు పంచేటప్పుడు ఆ జాబితాను కూడా చూడాలి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఆమె చెప్పిన పేర్లు గుర్తున్నంతవరకూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదిళ్లు, ఇరవై ఏడు పేర్లు. ఏ అధికారి అడిగినా తీసుకొచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోసిగి మండలం, కర్నూలు జిల్లా