నీ బావి పూడ్పించొద్దు మామా

రేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మీ అపార్ట్‌మెంట్‌కి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా, లేక 2024 ఎండాకాలం మాదిరి మళ్ళీ ట్యాంకర్ కోసం కాచుక్కూర్చోవాల్సి వస్తోందా? ఆ ఏడాది నువ్వు బెంగళూరు నుంచి ఫోన్ చేసి "స్నానానికి మనిషికి అరబకెట్టేరా" అన్న మాట నాకింకా గుర్తుంది. ఊళ్ళో నీళ్ళు లేవనే కదా నువ్వు అక్కడికి పోయింది. అక్కడా నీళ్ళ కోసమే తిప్పలు పడుతున్నావంటే ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే "సరేలే, చూద్దాం" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మొన్న ఆదివారం మీ అన్న కలిశాడు. మీ తోటలోని పాత బావిని పూడ్చి చదును చేయిస్తాడంట. జేసీబీ వాడితో మాట కూడా అయిపోయింది. మేకలు, పిల్లలు పడిపోతారేమోనని ఆయన భయం. పైగా రెండు సెంట్ల జాగా కలిసొస్తుందని ఆశ. ఆయన్ని నేను తప్పు పట్టను. ఎండిపోయి ఇరవై ఏళ్ళయిన బావిని చూస్తే ఎవరికైనా అది వట్టి గుంతే. కానీ నువ్వు ఒక్క మాట చెబితే ఆగుతాడు. ఆపమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ బావిలోనే కదరా మనం ఈత నేర్చుకున్నది. వీపుకు సొరకాయ బుర్ర కట్టి మీ తాత మనల్ని గట్టు మీద నుంచి తోసేవాడు. బుర్ర జారిపోయి నేను మునిగితే నా జుట్టు పట్టుకుని పైకి లాగింది నువ్వే. మీ తాత ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన రోజుల్లో నీళ్ళు చేతికందేంత ఎత్తులో ఉండేవని మీ జేజి చెప్పేది. మనం ఈతకు దిగేనాటికి పదహారు మెట్లు కిందికి పోయాయి. పదో తరగతి పరీక్షలప్పటికి అడుగున బురద కనిపించింది.

ఆ తర్వాత ఊరంతా బోర్లే. నువ్వు లేనప్పుడు జరిగింది ఒకటి చెబుతాను. మీ అన్న మూడో బోరు వేయించిన రాత్రి నేను పక్కనే ఉన్నాను. జల చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, ఒకచోట ఆగి, ఇక్కడే జల ఉందన్నాడు. సాయంత్రానికి రిగ్గు లారీ వచ్చింది. రాత్రంతా గడగడమని ఒకటే మోత. తెల్లటి రాతి పొడి లేచి చింతచెట్టు ఆకుల మీద, మా తలల మీద, అన్నం గిన్నె మూత మీద పరుచుకుంది. నూరడుగులు దాటిన ప్రతిసారీ మీ అన్న ఆ పొడిని గుప్పెట్లోకి తీసుకుని పిసికి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. నాలుగు వందలు, ఆరు వందలు, ఎనిమిది వందల అడుగులు. తెల్లవారుజామున చివరిసారి పిసికాడు. పొడి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆయన ఏమీ మాట్లాడకుండా పోయి గట్టు మీద కూర్చున్నాడు. మీ వదిన గాజులు ఆ బోరుకే పోయాయి, నీకు చెప్పారో లేదో.

మన కింద ఉన్నదంతా నల్లరాయి, తెల్లరాయి. పైన కొన్ని పదుల అడుగులు మాత్రం ఆ రాయి చివికి గరుసుగా మారి ఉంటుంది. వాన నీళ్ళు దాచుకునేది ఆ గరుసే. దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడ చీలికలు ఉంటాయి, ఆ చీలికలకు కూడా నీళ్ళు పైనుంచే దిగాలి. లోతుకు పోయేకొద్దీ చీలికలు తగ్గుతాయి. పైన ఇంకనిది కింద ఎక్కడి నుంచి వస్తుంది మామా? ఎనిమిది వందల అడుగుల్లో దొరికినా చాలాచోట్ల ఫ్లోరైడ్ నీళ్ళే. 1990లలో సత్యసాయి ట్రస్టు పైపుల నీళ్ళు రాకముందు జిల్లాలో ఎన్ని ఊళ్ళు ఆ నీళ్ళే తాగాయో, పళ్ళు ఎట్లా పచ్చబడ్డాయో మనం చూసినవాళ్ళమే.

మనకు వాన బొత్తిగా లేదనడం కూడా సరికాదు. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మనదాకా వచ్చేసరికి అలిసిపోతుంది, నిజమే. కానీ ఆ 550 కూడా తక్కువేం కాదు. ఎకరం నేల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్లు. మన చిక్కంతా ఏమిటంటే ఏడాది వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఎర్రనేల పైన పెచ్చు కట్టి ఉంటుంది, నీళ్ళు ఇంకేలోపే గట్లు కోసుకుంటూ, మట్టిని కూడా వెంటేసుకుని వంకలో పడి పోతాయి. మరునాటి పొద్దున చూస్తే వంకలో ఇసుక, మన చేలో రాళ్ళు.

మొన్న బద్వేలు పెళ్ళికి పోయినప్పుడు పోరుమామిళ్ళ చెరువు చూసొచ్చాను. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. ఆ కథంతా సంస్కృతంలో రాతి మీద చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. అంతటితో ఊరుకోలేదు వాళ్ళు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, ఉండకూడని ఆరు దోషాలేమిటో కూడా రాశారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం, చౌడు నేల ఒకటి. ఇంకొకటి విన్నాక నేను అక్కడే నిలబడిపోయాను: నీళ్ళు కొంచెం, తడపాల్సిన భూమి ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందట దోషమని రాసిపెట్టిన పనినే మనం ముప్పై ఏళ్ళుగా బోర్లు వేసి చేస్తున్నాం కదరా.

ఇక నేను చేసింది చెబుతాను. మా మిద్దె 1200 చదరపు అడుగులు. లెక్క వేస్తే ఏడాదికి 60 వేల లీటర్ల వాన దాని మీద పడుతుంది. ఆవిరైంది, చిమ్మింది, మొదటి వానకు వదిలేసింది అంతా తీసేసినా 50 వేలకు తక్కువ రాదు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది అన్నమాట. ఇన్నాళ్ళూ అదంతా వీధిలోకి పోయి బురద చేసేది. ఇప్పుడు మిద్దె గొట్టాలన్నీ ఒక నాలుగు అంగుళాల పైపులో కలిపాను. గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక పోసిన డ్రమ్ముగుండా సంపులోకి వస్తాయి. మొదటి వాన నీళ్ళు మాత్రం లోపలికి రానివ్వను. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, పక్షుల రెట్టలు అందులోనే ఉంటాయి. దానికి పైపు అడుగున ఒక మూత పెట్టించాను, అది తెరిస్తే బయటికి పోతాయి. అమ్మ ఆ నీళ్ళతో పప్పు ఉడికించి, "ఇంత తొందరగా ఉడికిందేంరా" అని రెండుసార్లు మూత తీసి చూసింది. బోరు నీళ్ళ ఉప్పదనానికి మనం ఎంతగా అలవాటు పడిపోయామో అప్పుడు తెలిసింది.

సంపు నిండాక పొంగినవి, చేలోంచి పారి వచ్చేవి బోరు చుట్టూ తవ్విన గుంతలోకి మళ్ళించాను. పదడుగుల పొడవు, వెడల్పు, లోతు. కేసింగ్ పైపుకు సన్నని చిల్లులు పెట్టించి, జాలీ చుట్టించి, అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక. మొదటి ఏడాది ఒక తప్పు చేశాను. చేలోంచి వచ్చే బురద నీళ్ళు తేటపడడానికి ముందు ఇంకో గుంత ఉండాలని తెలిసి కూడా, కూలి ఖర్చు చూసుకుని మానేశాను. రెండు వానలకే ఇసుక మీద మట్టి పొర కట్టేసింది, చుక్క దిగలేదు. మొత్తం తీసి, కడిగి, మళ్ళీ పోశాం. ఈసారి పక్కన బురద గుంత తవ్వించాకే నీళ్ళు వదిలాను.

పోయిన సెప్టెంబర్‌లో రాత్రి పదకొండుకు వాన పట్టుకుంది. టార్చ్ పట్టుకుని పోయాను. గుంతలోకి ఎర్రనీళ్ళు వచ్చి చేరుతున్నాయి, ఇసుక మీద బుడగలు లేస్తున్నాయి. కేసింగ్ పైపుకు చెవి ఆనిస్తే లోపల ఎక్కడో కింద జలజలమని శబ్దం. ఎన్నేళ్ళుగానో పైకి తోడడమే తప్ప ఒక్క చెంబెడు తిరిగి ఇవ్వని బోరు అది. ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలీదు, తడిసి ముద్దయ్యాను. ఈ ఏప్రిల్‌లో చూస్తే, అంతకుముందు అరగంటకే గాలి పట్టే మోటారు గంటన్నర ఆడింది. అదేమీ గంగ కాదు, కానీ చీనీ (బత్తాయి) చెట్లు బతికాయి.

ఇంకో సంగతి. నేను ఇంకించిన నీళ్ళలో కొన్ని పక్కింటి రెడ్డి మామ బోరులోకి పోతాయి, నాకు తెలుసు. నేల కింద గట్లు లేవు కదా. అందుకే ఒక్కడు చేస్తే చాలదు, తోడేది కూడా అందరూ చూసుకోవాలి. 2000 తర్వాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బోరు నీటిమట్టాన్ని కొలిచి, ఊరి నీళ్ళ లెక్క కట్టి, దాన్ని బట్టి పంట వేసుకున్నారు. మనవాళ్ళతో మొన్న చింతచెట్టు కింద అదే మాట్లాడాం. యాసంగికి వరి వద్దని పదకొండు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఉపాధి హామీ పనుల్లో కొండ వాలుకు కందకాలు, చేలల్లో పంట కుంటలు అడిగాం. ఆ పథకం మొదలైంది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించాడు. మన ఊరికి దాంతో రోడ్డు పక్క గుంతలు తప్ప పెద్దగా ఏమీ జరగలేదు. ఈసారైనా సరిగ్గా చేయించుకోవాలి.

ఇప్పుడు నీ బావి. ముప్పై అడుగులకు ముప్పై, లోతు నలభై. నిండితే పది లక్షల లీటర్లు పట్టే గుంత, తవ్వకుండానే మన చేతిలో ఉంది! పైగా అది సరిగ్గా ఆ గరుసులోకే దిగి ఉంది, గోడల సందుల్లో పాత ఊటలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొండ వైపు నుంచి వచ్చే పిల్లవంక నీ చేనుకు నలభై గజాల్లో పారుతోంది. అక్కడి నుంచి చిన్న కాలువ, మొదట బురద గుంత, తర్వాత రాళ్ళు, కంకర, ఇసుక పోసిన గుంత, దాంట్లోంచి పైపు బావిలోకి. పైకి నీళ్ళు నిలబడకపోయినా నాకు దిగుల్లేదు. ఇంకిపోతే ఇంకా మంచిది, నేలలో దాగిన నీళ్ళను ఎండ తాగలేదు. మీ అన్న రెండో బోరు అక్కడికి నూరు గజాలే. మేకల భయానికి చుట్టూ నడుమెత్తు రాతి గోడ కట్టి గేటు పెడదాం. రాళ్ళు మా చేలో ఉన్నాయి, ట్రాక్టర్ నాది. మట్టి పనికి నేను, మా తమ్ముడు, ఇంకో ఇద్దరు. పైపులకు, మేస్త్రీకి మాత్రం నువ్వు కాస్త డబ్బు సర్దాలి.

మృగశిర కార్తె రాకముందే అయిపోవాలి. జేసీబీ శనివారం వస్తోంది, కాబట్టి శుక్రవారం లోపు మీ అన్నకు ఫోన్ చెయ్. పొద్దున పాలు పోసి వచ్చాక ఏడున్నరకు తీరిగ్గా ఉంటాడు, అప్పుడు చెయ్. బోర్ల ఊసు మాత్రం ఎత్తకు, ఆయన మనసు కష్టపడుతుంది. జేజి పేరు చెప్పు, చాలు.

బావి దగ్గర మీ తాత కపిల గిలక ఒకటి ముళ్ళ కంపలో పడి ఉంటే తీసుకొచ్చి మా వసారాలో పెట్టాను. చెక్క పుచ్చలేదు, తాడు రాసుకున్న గాడి ఇంకా నున్నగా ఉంది. నువ్వు వచ్చినప్పుడు తీసుకుపోదువు.

నీ
పాత బెంచీ దోస్తు