పాత మీటరు పారేయాలా?

సంపాదకులకు,

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర 1980ల నాటి ఫ్లూక్ 8060ఏ మల్టీమీటరు (వోల్టేజి, కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే పరికరం) ఉంది. ఈమధ్య ప్రోబులు (కొలిచే తీగల మొనలు) రెండూ కలిపి పట్టుకున్నా అంకెలు సున్నా దగ్గర నిలవడం లేదు. ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే మూతైనా విప్పకుండా "కొత్తది కొనుక్కోండి సార్" అన్నారు.

ఇంట్లోనే విప్పాను. ఈ మోడల్‌కు ఉన్న పాత జబ్బే! విద్యుత్తును కాసేపు నిల్వచేసే చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల నుంచి లోపలి ద్రవం కారి బోర్డుకు పట్టింది. వాటి కాళ్ల దగ్గర రాగి గీతలు పచ్చబడ్డాయి. సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల వాసన. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచింది. ఆ కెపాసిటర్లను పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, బాగా ఆరాక అదే విలువ ఉన్న కొత్తవి, పోలారిటీ (ప్లస్, మైనస్) చూసి వేశాను. డిస్‌ప్లేకి ఆనుకుని ఉండే రబ్బరు పట్టీనీ తుడిచాను. ఇప్పుడు సున్నా అంటే సున్నాయే. ఖర్చు ప్లేటు బిర్యానీ అంత కూడా కాలేదు.

మాన్యువల్‌లో పూర్తి సర్క్యూట్ డయాగ్రమ్ ఉండబట్టే ఇది కుదిరింది. ఈమధ్య నేను కొన్న చౌక మీటరుతో వచ్చింది హెచ్చరికల కాగితమొక్కటే. కేంద్రం 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ (బాగుచేసుకునే హక్కు) పోర్టల్‌లో ఫోన్లు, వాహనాల సంగతి ఉంది. కొలిచే పరికరాల డయాగ్రమ్‌లు కూడా కంపెనీల చేత అందులో పెట్టించాలి.

- ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, రాజమహేంద్రవరం